రెండో సాక్షి

మే నెలలో కడప మధ్యాహ్నానికి కుక్కలు కూడా నీడ వదిలి కదలవు. ఆ పూట పన్నెండు గంటలకు మహిమ ఆఫీసు మేడమీది గదిలో కూర్చుని రెండు మొండి మిషన్లకు సంధి కుదురుస్తోంది. కెమెరాకు ఎండ పడదని కిటికీలన్నిటికీ నల్లగుడ్డ కొట్టారు. బయట మిట్టమధ్యాహ్నం, లోపల చీకటి.

కరువు పనుల గురించి కడప, కోసిగి ఆఫీసర్లు ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకోవాలని పెట్టిన వీడియో మిషన్లు అవి. కడపది ఒక కంపెనీది, కోసిగిది ఇంకో కంపెనీది. కలిసే ముందు నీకు ఏ భాష వచ్చని ఒకదాన్నొకటి అడుగుతాయి. ఇవి రెండూ కొత్త వియ్యపురాళ్లలాగా మాట కలిపినట్టే కలిపి మూతి తిప్పుకునేవి.

ఆ చిక్కు విప్పుతూ వచ్చినవాడు అరుణ్ కుమార్. మహిమతో కలిసి పనిచేసేవాడు. కోసిగి గదిలో ఎర్తింగ్ సరిగ్గా లేదని తమ కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాడు. పట్టించుకున్న పాపాన పోలేదు. పదకొండు రోజుల కిందట ఆ గదిలోనే కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు. మిషన్లో ఏమేం పెట్టాలో కాగితం మీద అన్నీ రాసి, వేగం అన్న చోట మాత్రం ఖాళీ వదిలేశాడు.

ఇప్పుడు ఆ కంపెనీ మేనేజరు వేణుగోపాల్ టైపు చేయించి పంపిన రిపోర్టు బల్ల మీద ఉంది. ఈ మిషన్లు కలవవట. కలవని వాటిని అరుణ్ కుమార్ ఇష్టమొచ్చినట్టు కెలికి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడట. కింద మహిమ సంతకానికీ, ఇద్దరు సాక్షులకీ గీతలు గీశారు. నాలుగు గంటలకు వచ్చి తీసుకుపోతాడు.

మహిమకు ఒళ్లు మండిపోయింది. మిషన్లు కలిపి చూపిస్తే ఆ రాతంతా అబద్ధమని తేలిపోతుంది. చచ్చినవాడు తిరిగొచ్చి అడగడు కదా అని వీళ్ల ధైర్యం.

కోసిగిలో కొత్తగా చేరిన కంబన్న పన్నెండుకు అక్కడి మిషను వేసి పిలవాలి. రెండు చేతులూ వైర్లలో ఉన్నాయని, పిలుపు రాగానే దానంతటదే పలికేట్టు మిషన్ని పెట్టింది మహిమ.

తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు పెంచలయ్య చూసి గొణిగాడు. "ఒక్క పిలుపుకే పలకగూడదు మహిమమ్మా. అందులోనా మిట్టమద్దేనం. మూడుసార్లు పిలిస్తేనే మనిసి."

"ఇది మిషను పెంచలన్నా!" అని నవ్వింది.

ఒక్కసారే గంట మోగింది. మిషను పలికింది.

తెర నల్లగా ఉంది. మాట లేదు, బొమ్మ లేదు. గదిలో కాలిన రబ్బరు వాసన లేచింది. వైర్లు తడిమి చూస్తే అన్నీ చల్లగానే ఉన్నాయి. అర నిమిషానికి లైను దానంతటదే తెగిపోయింది.

మహిమ సెల్‌ఫోను మోగింది. కంబన్న.

"అక్కా, బస్సు లేటయింది. నేనింగా కోసిగి బస్టాండులోనే ఉండా. ఈడ పొద్దున్నుంచి కరెంటు ల్యా. గది తాళం నా జేబులోనే ఉండాది."

మహిమకు భయం వేసింది, అబద్ధమెందుకు? దానికంటే కోపం ఎక్కువ వేసింది. వేలు పెట్టి, దానంతటదే పలకడాన్ని ఆపేసింది.

మళ్లీ గంట... ఆగిపోయింది.

"పోదాం పామ్మా..." పెంచలయ్య గుమ్మంలోంచే పిలిచాడు.

"పోను. మూడోసారి పిలిస్తే మనిషన్నావు కదా. పిలవనీ."

గోడగడియారం టిక్కు టిక్కు... వాసన దగ్గరకొచ్చింది...

గంట మోగింది.

మహిమ పలికింది. "చెప్పు అరుణ్."

చాలాసేపు గరగర. తర్వాత, ఎక్కడో బావి అడుగు నుంచి...

"మూడు... ఎనభై నాలుగు..."

కాగితంలోని ఖాళీ! వేగం మూడు వందల ఎనభై నాలుగు పెట్టింది. తెర మీద గళ్లు గళ్లుగా బొమ్మ కూడింది. కోసిగి గది. మూసిన తలుపు. తలుపు కింద ఎండ గీత. మనిషి లేడు.

అప్పుడు కడప గదిలోని కెమెరా కదిలింది. అవతలివాళ్లు ఇవతలి కెమెరాను తిప్పొచ్చు, అది మామూలే. మహిమను దాటింది... పెంచలయ్యను దాటింది... మూలనున్న ఖాళీ కుర్చీ మీద ఆగింది.

"మహిమా... మొదట పిలిచింది నేను కాదు..."

"మరెవరు?"

"ఆ కుర్చీలో... ఎవరు?"

లైను తెగింది.

పెంచలయ్య గుమ్మం పట్టుకుని కూలబడ్డాడు. మహిమ ఆ కుర్చీ వైపు తిరిగింది. 

"ఎవరివైనా సరే, కూర్చో. జరిగింది చూశావు కదా, నువ్వూ సాక్షివే."

మూడు గంటలకు కోసిగిలో కరెంటు వచ్చింది. కంబన్న తాళం తీసి పిలిచాడు. మూడు వందల ఎనభై నాలుగు దగ్గర రెండు మిషన్లూ మొదటిసారికే కలిశాయి. కంబన్న చెమటలు కక్కే ముఖం తెర నిండా కనపడింది. మహిమ ఆ రిపోర్టులోని టైపు రాతనంతా అడ్డంగా కొట్టేసి చేత్తో రాసింది: "మిషన్లు కలిశాయి. కలిపింది అరుణ్ కుమార్. ఎర్తింగ్ వేయనిది కంపెనీ." సంతకం పెట్టింది. మొదటి సాక్షిగా పెంచలయ్య పెట్టాడు. కాగితం బల్ల మీదే ఉంచి ఇద్దరూ వరండాలోకి వచ్చి మేనేజరు కోసం చూశారు.

నాలుగింటికి వేణుగోపాల్ వచ్చాడు. మూలనున్న కుర్చీ లాక్కుని కూర్చోబోయి చటుక్కున లేచాడు.

"ఏంటిది, ఇలా కాలిపోతోంది?"

నిలబడే కాగితం అందుకున్నాడు. రిపోర్టు చదువుతుంటే అతని ముఖం ఎర్రబడింది.

"ఇది చెల్లదమ్మా. సాక్షి ఒక్కడే కదా!"

"కింద చూడండి సార్," అంది మహిమ మొండిగా. ఏదో ఒకటి అనాలని అంది, అంతే. ఆ గీత మీద ఏమీ లేదని ఆమెకు తెలుసు.

వేణుగోపాల్ కాగితం దీపం దగ్గరికి పట్టుకున్నాడు. 

రెండో గీత మీద నల్లటి బొటనవేలి ముద్ర. ఇంకా తడిగా ఉంది. అందులో ఒక్క రేఖ కూడా లేదు.