గేటు అరవని రోజు

దీవెనమ్మ టీచర్ కాలు పెట్టగానే మెట్రో స్టేషన్ గేటు అరిచింది. వెనక లైన్లో ఉన్నవాళ్ళు గబుక్కున వెనక్కి జరిగారు. ఒకావిడ తన కూతుర్ని రెక్క పట్టుకుని లాగి, కొంగు చాటుకు తీసుకుంది.

"ఏం భయం లేదండీ! ఆవిడ పేషెంటు. హాస్పిటల్ కార్డుంది" అని సెక్యూరిటీ గార్డు ఖాజావలీ అందరికీ వినబడేలా చెప్పాడు. ఆమెను కాపాడాలనే అన్నాడు. కానీ ఆ మాటతో స్టేషన్‌లో ఉన్న ప్రతివాడికీ ఆమె జబ్బు సంగతి తెలిసిపోయింది.

ఎక్కడో ఒక రేవులో దొంగచాటుగా దాచిన రేడియోధార్మిక పదార్థం బయటపడ్డాక, బెజవాడ మెట్రో స్టేషన్లన్నింట్లోనూ ఈ గేట్లు వచ్చాయి. రేడియేషన్ ఆనవాలు ఏ కాస్త తగిలినా అవి ఊరుకోవు. దీవెనమ్మ ఒంట్లో ఆ ఆనవాలు ఉంది. దాన్ని పెట్టింది డాక్టర్ వైజయంతి.

డాక్టర్ వైజయంతి కనిపెట్టిన ట్రేసర్‌కు పేషెంట్లు పెట్టుకున్న పేరు దివిటీ మందు. ఒకసారి నరంలోకి ఎక్కిస్తే అది ఒళ్ళంతా తిరిగి, కాన్సర్ కణం ఎక్కడ దాక్కున్నా వెళ్ళి పట్టుకుంటుంది. మిగతాదంతా మూత్రంలో పోతుంది. పట్టుకున్నది మాత్రం నెలల తరబడి సన్నగా రేడియేషన్ విడుస్తూ ఉంటుంది. స్కానర్‌లో పడుకుంటే ఆ చోటు చుక్కలా మెరుస్తుంది. కణం చచ్చిపోతే మందు పట్టు విడిచి బయటకు పోతుంది, చుక్క ఆరిపోతుంది. పక్కన కూర్చున్నవాళ్ళకు దానివల్ల ఏ హానీ లేదు. కానీ ఆ మాట గేటుకు తెలియదు.

దీవెనమ్మకు అండాశయంలో మొదలైన కాన్సర్ కడుపులో నాలుగైదు చోట్లకు పాకింది. రోజూ మింగే మాత్రలకు నోరంతా పూసిపోయి, చల్లటి మజ్జిగ తాగినా మంటపుట్టేది. అయినా ఆమె బడి మానలేదు. నది అవతల హైస్కూల్లో తొమ్మిదో తరగతికి తెలుగు చెప్పేది.

"డాక్టర్‌గారూ, ఏదో ఒక రోజున గేటు అరవకపోతే నాకు తగ్గినట్టేనా?" అని ఒకసారి అడిగింది.

"మంచి సూచనే" అంది వైజయంతి. "కానీ గేటు స్కానర్ కాదమ్మా. చెప్పాల్సింది నేను."

మొదటి మాటే ఆమె చెవిన పడింది. ఆ మర్నాటి నుంచి గేటు దగ్గర ఆమెకు ఊపిరి ఆగిపోయేది. ఆ రెండడుగులు వేసేలోపు ఎన్ని ప్రార్థనలో! రోజూ అది అరిచేది. రోజూ జనం జరిగేవారు.

ఒక సోమవారం అది అరవలేదు.

ఆమె నమ్మలేదు. మంగళవారం అరవలేదు. ఆ వారమంతా అరవలేదు. శనివారం పూతరేకులు కొనుక్కొచ్చి స్టాఫ్‌రూమ్‌లో పంచింది. ఒకటి తెచ్చి ఖాజావలీ చేతిలో పెట్టింది. అతను తల ఎత్తకుండా తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రే మాత్రల డబ్బా బీరువా అడుగుకు తోసేసింది. తర్వాతి స్కాన్‌కూ వెళ్ళలేదు. వైజయంతి ఫోన్ చేస్తే, "తగ్గిపోయిందండీ, గేటే చెప్పింది" అంది నవ్వుతూ.

వైజయంతికి అనుమానం వచ్చింది. దివిటీ మందు అంత త్వరగా ఒంట్లోంచి పోదు.

"రేపు పొద్దున నేనూ మీతో స్టేషన్‌కు వస్తాను" అంది.

మర్నాడు ఇద్దరూ లైన్లో నిలబడ్డారు. వైజయంతి చేతిలో రేడియేషన్ కొలిచే కౌంటర్ ఉంది, పెన్ను అంతది. దాన్ని టీచర్ నడుము దగ్గర పెట్టగానే అది చిటపటమంది. దీవెనమ్మ మొహం పాలిపోయింది.

"అది చెడిపోయిందేమో చూడండి."

"నడవండమ్మా."

దీవెనమ్మ గేటు దాటింది. కౌంటర్ చిటపటలాడుతూనే ఉంది, గేటు మాత్రం నోరు మెదపలేదు. వైజయంతి ఖాజావలీ వైపు చూసింది. అతని కుడిచేయి బల్ల కింద ఉంది.

"చెయ్యి తీయండి. తగ్గిందనుకుని ఈవిడ మందు మానేసింది" అంది.

గేటును రిపేరు చేసేటప్పుడు దాని అరుపు కాసేపు ఆపడానికి అక్కడొక స్విచ్ ఉంది. ఖాజావలీ చెయ్యి తీశాడు.

"ఆవిడ్ని చూసి పిల్లల్ని లాక్కుంటున్నారండీ. చూడలేకపోయాను. టీచరమ్మ తలొంచుకోకుండా రైలెక్కుతుందని... అంతే మేడమ్. మందు మానేస్తుందని నాకేం తెలుసు?"

దీవెనమ్మ అక్కడే గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. అతని మీద కోపం రావడం లేదు. రాకపోవడమే ఆమెకు భరించరానిదైంది.

ఆ రోజే దివిటీ మందు మళ్ళీ ఎక్కించి స్కాన్ చేశారు. చుక్కలు పెరిగాయి. కాలేయం అంచున కొత్తది ఒకటి మెరుస్తోంది.

"చెయ్యి దాటలేదు" అంది వైజయంతి. "కానీ ఈసారి మందు ఇంకా గట్టిది."

ఖాజావలీ మీద ఫిర్యాదు రాస్తానని వైజయంతి అంటే టీచరే అడ్డుపడింది. అతను మళ్ళీ ఆ స్విచ్ ముట్టుకోలేదు. గేటు రోజూ అరిచింది. ఎండాకాలం పోయి వానలు పట్టాయి. ఆమె జుట్టు రాలిపోయింది, చీర నిలవనంతగా నడుము సన్నబడింది.

చివరికి ఒక మధ్యాహ్నం వైజయంతి ఆమెను స్క్రీన్ ముందు కూర్చోబెట్టింది. మొత్తం ఒంటి బొమ్మ. ఎక్కడా చుక్క లేదు.

"నేను చెబుతున్నానమ్మా. తగ్గింది."

మర్నాడు దీవెనమ్మ గేటు దాటింది. అది అరవలేదు. వెనకవాళ్ళు మామూలుగా ముందుకు నడిచారు. ఆమె మాత్రం అవతలికి వెళ్ళి ఆగిపోయింది.

"ఖాజావలీగారూ, మీ చేతులు చూపించండి."

"ముట్టుకోలేదమ్మా. అల్లా మీద ఒట్టు!"

"చూపించండి."

అతను రెండు చేతులూ పైకెత్తాడు. ఆమె చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ దాటింది. గేటు నోరు మెదపలేదు. రైలు వచ్చింది, వెళ్ళిపోయింది.

"ఇంకొక్కసారి" అంటూ ఆమె వెళ్ళి లైన్లో అందరికంటే వెనక నిలబడింది. ఆమె వంతు వచ్చేదాకా ఖాజావలీ చేతులు దించలేదు.