ముద్ర పడిన భుజం

బాన్సువాడ శివారులో పండరి అనే రైతు పొలం. మడి నిండా నీళ్లు. ఆ నీళ్లలోనే వరి ఎండిపోయి నిలబడింది. సీక్రెట్ ఏజెంట్ ఇమ్మానుయేలుకు ఆ దృశ్యం బొత్తిగా నచ్చలేదు. ఫోన్‌కు వచ్చిన ఆర్డర్ అంతకన్నా నచ్చలేదు.

"విదేశీ ముఠాకు పంటను చంపే మందు తయారుచేసింది డాక్టర్ సుచరిత. ముద్ర వెయ్. మిగతాది షూటర్ పని."

ముద్రంటే వడ్లగింజంత ట్రాన్స్‌మిటర్. దూరంగా గుట్ట మీదున్న షూటర్‌కు మనిషెవరో అక్కర్లేదు. ముద్ర పడిన సరిగ్గా మూడు నిమిషాలకు, సిగ్నల్ ఎవరి ఒంటి మీదుంటే వాళ్లను కాల్చేస్తాడు.

పురుగుమందుల సేల్స్‌మన్ వేషంలో గట్టు మీదికి నడిచాడు. స్ప్రే డ్రోన్ పక్కన సుచరిత. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. కొంచెం అవతల కారులో ముఠా నాయకుడు తారాచంద్ దేనికోసమో జేబులు తడుముకుంటున్నాడు.

"భుజం మీద పురుగున్నది మేడం," అంటూ దులిపాడు. ముద్ర అంటుకుంది.

"నువ్వు సేల్స్‌మన్ కాదని నాకెరుకే అన్నా," అంది సుచరిత మెల్లగా.

ఇమ్మానుయేలు తొణకలేదు. "అయితే చెప్పు. గిన్ని నీళ్లున్నంక వరి ఎట్ల ఎండింది?"

"కణం పొరల నీళ్లొచ్చే దర్వాజలుంటయ్. అవి ప్రోటీన్లు. దర్వాజ ఖరాబైతే కణం దానికి యుబిక్విటిన్ అనే గుర్తు పెడ్తది. గుర్తున్నదాన్ని లోపలికి గుంజి ముక్కలు చేస్తది. గీ మందు మంచి దర్వాజలకు గూడ గదే గుర్తు పెట్టిస్తది."

"గుర్తు ఎవరు పెట్టిర్రని అడగదా?"

"అడగదు. గుర్తుంటే సాలు."

ఇమ్మానుయేలు చూపు ఆమె భుజం మీదికి పోయింది. "పెట్టినంక తీసే దారి లేదా?"

"ఉన్నది. గుర్తును కత్తిరించే ఎంజైములు గూడ కణంలనే ఉంటయ్. ముక్కలు కాకముందే రావాలె, గంతే." ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్ల నిండా భయం. "నేను మన ఆఫీసు మనిషినే అన్నా. తారాచంద్‌కు తెల్సిపోయింది. మనోళ్లతోనే నన్ను ఖతం చేపిస్తుండు. ఇగో, వాని ఫోన్ కొట్టేసిన. చూడు."

పంపిన మెసేజుల్లో, ఆఫీసు పేరు మీద, ఇమ్మానుయేలుకు వచ్చిన ఆర్డరే ఉంది, అక్షరం పొల్లుపోకుండా. షూటర్‌కూ అదే వెళ్లింది. ఎవరు పంపారని తను ఒక్కసారైనా అడగలేదు. ఇమ్మానుయేలుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"కదలకు మేడం." ముద్ర పీకాడు. ఇంకా నలభై సెకన్లు.

అప్పటికే తారాచంద్ వచ్చి డ్రోన్ ట్యాంకులో మందు సీసా ఒంపి, రిమోట్ అందుకున్నాడు. ఎదురుగా వందల ఎకరాల పచ్చటి వరి.

"శభాష్ సార్," అని అతని భుజం తట్టి, ఇమ్మానుయేలు పక్కకు దూకాడు.

తుపాకీ పేలింది. తారాచంద్ ఒరిగిపోయాడు. డ్రోన్ రెక్కలు కదలనే లేదు. సుచరిత గట్టు మీద కూలబడి ఏడ్చేసింది.

సాయంత్రం చీఫ్ ఆఫీసుకు వచ్చి ఇద్దరినీ మెచ్చుకున్నాడు. ఇమ్మానుయేలు భుజం ఆప్యాయంగా తట్టాడు. "థాంక్యూ సార్," అని బయటికొచ్చిన ఇమ్మానుయేలు, ముందు చొక్కా విప్పి దులుపుకున్నాడు.