రోజూ పేలే కారు

ఎనిమిదీ పదికి ఢామ్మంది.

వీధిలో ఎవరూ తల తిప్పలేదు. ఆ ఇంటి పాత కారు వారంగా పొద్దున్నే అలాగే పేలుతోంది.

తొమ్మిదింటికి మేడ గదిలో ఇంటాయన శవం కనిపించింది. ఛాతీలో బుల్లెట్. పిస్టల్ ఆయనదే.

కింద హాల్లో భార్య కూర్చుంది. ఒళ్ళో మూడు నెలల పాప. చెరోపక్క లేడీ కానిస్టేబుల్.

"మా వదినే చేసింది," అన్నాడు చనిపోయినాయన తమ్ముడు. "నేను షెడ్డులో కారు స్టార్ట్ చేస్తున్నా. ఆ చప్పుడులో కలిపి కాల్చేసింది."

"మీకు కార్ల గురించి తెలుసా?" అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

"మెకానిక్కులకే పాఠాలు చెప్తాను."

"అబ్బో. రండి, నాకూ చెబుదురుగాని."

అందర్నీ షెడ్డుకి నడిపించింది. బయట తెల్లారకముందు నుంచీ ముసురు.

"కారు ఎందుకు పేలుతుంది?"

"పెట్రోలు ఇంజన్లో కాలకుండా సైలెన్సర్లోకి పోయి, అక్కడ అంటుకుంటుంది."

"కాలకుండా ఎందుకు పోతుంది?"

"ప్లగ్ పాడైతే. టైమింగ్ తప్పితే. సవాలక్ష."

ఆమె బానెట్ ఎత్తింది.

"ప్లగ్గులు కొత్తవే. రెండింటి వైర్లు మాత్రం అటుదిటు, ఇటుదటు. వారంగా పంతులుగారికి కనపడలేదా?"

"పొరపాటు, మేడమ్. అందుకేగా ఇవాళ కూడా పేలింది."

సైలెన్సర్ వెనక జానెడు దూరంలో తీగ మీద పాప గుడ్డలు ఆరుతున్నాయి.

"ఇవెప్పుడు ఆరేశావమ్మా?"

"ఆరింటికండీ. రోజూ పెరట్లోనే వేస్తా. ఇవాళ వానని ఇక్కడ వేశా."

ఇన్‌స్పెక్టరమ్మ ఫోటో తీయించి, కార్లో కూర్చుని తాళం తిప్పింది. యాక్సిలరేటర్ తొక్కింది.

ఢామ్.

గుడ్డలన్నీ మసికొట్టుకుపోయాయి.

తమ్ముడి మొహం కూడా అలాగే అయింది.

"ఇంతసేపూ పాలలా ఉన్నాయి," అంది ఆమె దిగుతూ. "పొద్దున ఈ కారు పేలలేదు. పేలింది పిస్టల్. వారంపాటు వీధి చెవులకి అలవాటు చేశావు. కార్లోనూ, మేడ మీదా ఒకేసారి ఉండలేవుగా. మా చెవిలో పువ్వు పెడదామనుకున్నావు. ఇంతకీ ఎందుకు?"

అతను కారు వంక చూశాడు.

"ఆయన ఈ కారు తుక్కుకి వేసేస్తానన్నారండీ," అంది వదిన, నమ్మలేనట్టు. "మరిదికేమో ఇదంటే ప్రాణం. దాని మీదే గొడవ."

"తుక్కు కోసం తోడబుట్టినవాణ్ణి," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "దీన్ని కొనే తుక్కువాడైనా మనిషి ప్రాణానికి నీకంటే రెండు రూపాయలు ఎక్కువే కడతాడు. నడు, జీపెక్కు."

పాప గుక్కపట్టింది. కదలొచ్చో లేదో తెలీక ఆ తల్లి కానిస్టేబుళ్ళ వంక చూసింది.

"వాళ్ళనేం అడుగుతావు తల్లీ," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "లోపలికెళ్ళి పాలియ్యి."