సీలు వేసిన తూటాలు

ఏజెంట్ టిస్‌డేల్ ట్రిగ్గర్ నొక్కాడు. దెబ్బ గురికి తగల్లేదు, అతనికే తగిలింది. పిస్టల్ చేతిలోనే పేలిపోయి, రెండు వేళ్లు షూటింగ్ రేంజ్ మంచులో పడ్డాయి.

ఆ సాయంత్రమే మిజూలా గూఢచారి ఆఫీసులో చీఫ్ ఎల్డన్ ప్రాట్, ఏజెంట్ కెర్మిట్ హౌగెన్ ముందు తూటాల పెట్టెలు కుప్పపోశాడు.

"ఫ్యాక్టరీ సరుకు. మన ఆఫీసు మొత్తం వాడేది ఇదే లాట్. విదేశీ ముఠా ఇందులో మందు ఎక్కువ కూరిందట."

"ఎవరు చెప్పారు సార్?"

"ఇల్కా."

ఇల్కా వరాడి! ముఠాలో ఉంటూ మన ఆఫీసుకు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఆమె గుమ్మంలో కనిపిస్తే చాలు, చీఫ్ టై సర్దుకుంటాడు.

"ఏజెంట్లంతా ఈ లాట్ తూటాలు తీసేసి, సంచిలో వేసి సీలు వెయ్యమని ఆర్డరిచ్చాను. కొత్తవి రేపొస్తాయి. ఈలోపు నువ్వు ఇవి విప్పి రుజువు పట్టుకో."

"మరి సిగ్నే? కొండల్లో ఒంటరిగా ఉంది. దాని పిస్టల్ కూడా ఖాళీయేనా?"

"ఒక్క రోజేగా! నీ మాజీ పెళ్లాం పిస్టల్ లేకపోయినా నోటితో కాల్చగలదు."

హౌగెన్‌కు నవ్వు రాలేదు. బిటర్‌రూట్ కొండల్లో ఒక దుంగల ఇంట్లో సిగ్నే ఒక మిసైల్ ఇంజనీర్‌కు కాపలా కాస్తోంది. ఆ మనిషి బుర్ర కోసమే ముఠా దేశం దాటి వచ్చింది.

మర్నాడు పొద్దున్నుంచీ హౌగెన్ బల్ల వదల్లేదు. తూటాలు విప్పే బోలు ప్లాస్టిక్ సుత్తిలో తూటాను బిగించడం, బల్లకేసి కొట్టడం, బుల్లెట్ ఊడి మందు రాలగానే త్రాసులో తూచడం. తూకం సరిగ్గా ఉంది. ఇంకోటి. అదీ సరిగ్గానే ఉంది. రేంజ్‌లో మిగతావాళ్లు పేల్చిన ఖాళీ గొట్టాలు తెప్పించి భూతద్దం కింద పెట్టాడు. మందు ఎక్కువైతే ఉబ్బాల్సిన ఇత్తడి ఉబ్బలేదు, అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ అణగలేదు. బయట మంచు తుఫాను ఆఫీసు ముందు రోడ్డు మూసేసింది, కొత్త తూటాలు ఇంకా రాలేదు. తప్పు దొరికితే బాధ, దొరక్కపోతే ఇంకా పెద్ద బాధ. ఏం మనిషి బతుకురా ఇది!

విసుగెత్తి, సీలు వేయడానికి తీసిపెట్టిన తన సొంత తూటాలను ముందుకు లాక్కున్నాడు. బల్ల మీద వరసగా నిలబెట్టాడు. అన్నీ ఒకే ఎత్తు, ఒక్కటి తప్ప. అది పొట్టిగా ఉంది.

అతను రోజూ పిస్టల్లోకి లాగేది అదే.

ఆ ఆఫీసులో ఒక రూలుంది. సాయంత్రం వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఇసుక పీపాలోకి గురిపెట్టి, పేల్చకుండా పిస్టల్ ఖాళీ చెయ్యాలి. మర్నాడు పొద్దున్నే, అలా తీసిన తూటానే మళ్లీ మిగతావాటి పైన పెట్టి, గొట్టం మొదట్లో ఉండే ఛాంబర్లోకి లాగాలి. ఏళ్ల తరబడి అదే తూటా. లాగిన ప్రతిసారీ దాని ముక్కు ఇనుముకు కొట్టుకుని కాస్త కాస్త లోపలికి దిగిపోతుంది. మందు అంతే ఉంటుంది గానీ దానికి చోటు తగ్గిపోతుంది. అలాంటిది పేలితే ప్రెషర్‌ను ఏ తుపాకీ తట్టుకోదు. టిస్‌డేల్ వేళ్లు తీసింది శత్రువు కాదు, ఆఫీసు రూలు!

మరి ముఠా చేసిందని ఇల్కా ఎందుకు చెప్పింది? ఏజెంట్లందరి పిస్టళ్లూ ఒక్క రోజు ఖాళీగా ఉండటానికి!

హౌగెన్ పరుగెత్తాడు. చీఫ్ ఫోన్‌లో ఉన్నాడు.

"సార్, తూటాలు మంచివే! ఆర్డర్ రద్దు చెయ్యండి!"

"వాషింగ్టన్ ఒప్పుకోవాలయ్యా. లైన్లోనే ఉన్నాను, పాట వేసి కూర్చోబెట్టారు."

అంతలో రేడియో గరగరలాడింది. సిగ్నే గొంతు.

"హౌగెన్, ల్యాబ్ వ్యాను వచ్చింది. ఇల్కా తెల్లకోటు వేసుకుని దిగుతోంది. తూటాల సంచి ఇచ్చేయనా?"

"సార్, వ్యాను మీరు పంపారా?"

చీఫ్ మొహం పాలిపోయింది. "లేదే!"

"సిగ్నే, తలుపు తియ్యకు! సీలు తెంచు, పిస్టల్ నింపు!"

"ప్రాట్ సంతకం పెట్టిన ఆర్డర్ నా చేతిలో ఉంది. రద్దయిందని ప్రాట్ చెబుతున్నాడా, నువ్వు చెబుతున్నావా?"

హౌగెన్ చీఫ్ వైపు చూశాడు. చీఫ్ ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుని గోడ వైపు తిరిగాడు.

"నేనే చెబుతున్నాను."

"నీ మాట విని నాలుగేళ్లు కాపురం చేశాను. ఇప్పుడు చెయ్యి కూడా పోగొట్టుకోనా?"

"నా మాట నమ్మొద్దే తల్లీ! తూటాలు బల్ల మీద నిలబెట్టి చూడు. పొట్టిది ఒక్కటే ఉంటుంది, నువ్వు రోజూ లాగేది. అది పారెయ్. మిగతావి మంచివి."

రేడియోలో తలుపు దబదబమంది. ఇల్కా గొంతు తియ్యగా వినిపించింది: "సిగ్నే డియర్, చలికి చస్తున్నాం, తియ్యమ్మా!"

"నిలబడట్లేదు," సిగ్నే గొణిగింది. "నా చేతులు వణుకుతున్నాయి, అన్నీ దొర్లిపోతున్నాయి."

ఎంత పెద్ద గూఢచారి అయితే ఏం లాభం, మైకులోంచి చెయ్యి చాపి తూటా నిలబెట్టలేడు కదా! తలుపు విరిగిన చప్పుడు. ఇంజనీర్ కేక. ఎవరో పరభాషలో అరిచారు.

ఢాం!

తర్వాత గరగర తప్ప ఏమీ లేదు. పేలింది తూటానో, పిస్టలో తెలియదు. హౌగెన్ మైకు పట్టుకుని "సిగ్నే, సిగ్నే" అంటూనే ఉన్నాడు. ఏడుస్తున్నానని కూడా అతనికి తెలియలేదు.

"అరవకు, చెవులు పోతున్నాయి," అంది సిగ్నే. "ఒకడి మోకాలు పోయింది. మిగతావాళ్లు బోర్లా పడుకున్నారు. పొట్టిది వేలితో తడిమి తీసేశాను. నా వేళ్లన్నీ ఉన్నాయి."

తుఫాను తగ్గాక ఇల్కాను బేడీలతో తీసుకొచ్చారు. హౌగెన్ బల్ల మీది పొట్టి తూటా చూపించి, టిస్‌డేల్‌కు అసలేం జరిగిందో చెప్పాడు. ఆమె చాలాసేపు నవ్వింది.

"మీ పిస్టళ్లు పాడుచేసే మార్గం కోసం మా వాళ్లు ఏడాదిగా తల బద్దలు కొట్టుకుంటున్నారు హౌగెన్. మీకు ఇలాంటి రూలుందని తెలిస్తే, అసలు మేం ఓడ ఎక్కేవాళ్లమే కాదు!"