ఏ అమూటికి దెబ్బ తగిలింది?

కెబిరుంగి గంజి గ్లాసు నోటి దగ్గర పెట్టుకుందో లేదో, గ్లాసులో గంజి దానంతటదే తొణికింది.

"తొయ్యకురా!" అని వెనక బెంచీ కుర్రాణ్ణి కసిరింది.

"నేనెక్కడ తోశాను? నన్నే ఎవరో తోస్తున్నారు!" అన్నాడు వాడు.

అంతలో బడి రేకుల కప్పు గడగడలాడింది. కిటికీ తలుపులు టపటపా కొట్టుకున్నాయి. గోడ మీది సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది.

"గ్లాసులు వదిలెయ్యండి! అందరూ గ్రౌండులోకి!" అని టీచరమ్మ అరిచింది.

పిల్లలంతా గ్రౌండులోకి పరిగెత్తి గడ్డిలో చతికిలబడ్డారు. వాళ్ళు కూర్చునేసరికి అంతా ఆగిపోయింది. ఒకడు గ్లాసు వదలకుండా తెచ్చుకుని, తాపీగా గంజి తాగుతున్నాడు.

మా ఊరు కిహూమలో భూమి కదలడం కొత్తేం కాదు. అప్పుడప్పుడూ అది ఒళ్ళు విరుచుకుంటుంది, మేం బయటికొచ్చి నిలబడతాం, మళ్ళీ పనిలో పడతాం. ఈసారి మాత్రం కాస్త గట్టిగానే విరుచుకుంది. మూడో తరగతి గోడకు పగులు కనిపించింది.

"గోడలన్నీ చూసేదాకా బడి లేదు. ఇళ్ళకు వెళ్ళండి," అంది టీచరమ్మ.

ఇక పిల్లల సంతోషం చూడాలి! భూమి మళ్ళీ కదిలినంత గోల చేశారు. కెబిరుంగి తమ్ముడు అరటినార బంతి తీసుకుని అప్పుడే గోల్ పోస్టు దగ్గరకు పోయాడు.

"ఇంటికి రావా?" అని అడిగింది కెబిరుంగి.

"అమ్మ సంత నుంచి సాయంత్రానికి గానీ రాదుగా. నువ్వు పో!" అన్నాడు వాడు.

కెబిరుంగి నేరుగా అరాలి మామ కొట్టుకు పోయింది. ఆ కొట్టంటే ఆ పిల్లకు ప్రాణం. మామ అక్కడ జనం ఫోన్లకు ఛార్జింగ్ పెడతాడు. ఆ పిల్ల ఇష్టం ఫోన్ల కోసం కాదులెండి, మైకు కోసం. కొట్టు ముందు పొడవాటి గడ ఉంది. గడ చివర నాలుగు లౌడ్ స్పీకర్లు నాలుగు దిక్కులకూ నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. మేక తప్పిపోయినా, ఎవరైనా కాలం చేసినా మామ మైకులో చెబుతాడు. గాలి కలిసొస్తే లోయ అవతలి రుసేకెకూ, ఇటు బుకారకూ కూడా వినిపిస్తుంది. వాళ్ళ గడల మీది మాటలు మాకూ వినిపిస్తాయి. తప్పిపోయిన మేకల గురించి కెబిరుంగి చాలాసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా, మేక తనదే అయినట్టు గొంతులో కాస్త ఏడుపు కలిపేది.

ఆ రోజు కొట్టులో మామ లేడు. రోడ్డవతల సైకిళ్ళ షాపు దగ్గర పదిమంది గుమిగూడి ఉన్నారు. సైకిళ్ళు బాగుచేసే అమూటి తాత నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్క గోడ నుంచి నాలుగు ఇటుకలు జారి అతని కాలి మీద పడ్డాయి. మామ ఆ ఇటుకలు తీస్తున్నాడు.

మామ తలెత్తి మేనకోడల్ని చూశాడు.

"ఒసేయ్ అబ్వోలీ! అమూటికి దెబ్బ తగిలిందని మైకులో చెప్పు! వాళ్ళవాళ్ళని రమ్మను! నేను బండి మాట్లాడొస్తా!" అని కేకేసి, అరటిగెలల పికప్ కోసం పరిగెత్తాడు.

కెబిరుంగి మైకు అందుకుంది. గొంతు సవరించుకుంది. మేకల కబుర్లు కాదు మరి, ఇన్నాళ్ళకు నిజమైన కబురు దొరికింది!

"వినండి! వినండి! భూకంపానికి గోడ కూలింది! అయ్యో, అమూటి గోడ కింద పడిపోయాడు! అమూటివాళ్ళు ఎక్కడున్నా వెంటనే కిహూమకు రండి! ఆలస్యం చెయ్యకండి!"

చివరి మాట దగ్గర గొంతు వణికించింది కూడా. తనకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాగా చెప్పాననుకుంది.

మీకొక సంగతి చెప్పాలి. మా టోరోవాళ్ళలో పేరు పెట్టి పిలిస్తే అంత మర్యాద కాదు. అందుకే పుట్టినప్పుడు పేరుతో పాటు ఒక ఎంపాకో కూడా పెడతారు. అది ముద్దుపేరు, గౌరవం పేరు కూడా. కెబిరుంగిని ఇంట్లో, వీధిలో అందరూ అబ్వోలీ అంటారు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మా జాతి మొత్తానికి ఉన్న ఎంపాకోలు ఓ డజను! ఒక్క రాయి విసిరితే ఇద్దరు అమూటీలకు తగులుతుంది.

ముందుగా కసాయి కొట్టాయన భార్య వచ్చింది, గుండెలు బాదుకుంటూ. కసాయి అమూటి కత్తి చేత్తో పట్టుకుని, "ఏమైందే?" అని ఎదురొచ్చాడు. భర్తను చూసి ఆవిడ అతని కాళ్ళూ చేతులూ తడిమి చూసింది.

తర్వాత ఒక అన్నదమ్ముల జత వచ్చింది. తర్వాత ఒక పెళ్ళికూతురు. తర్వాత గుంపులు గుంపులుగా జనం. మోటారు సైకిళ్ళు, సైకిళ్ళు, ఒక చక్రాల బండి.

"మా అమూటి ఏడీ?"

"గోడ కిందట! ఏ గోడ?"

"ఊరంతా కూలిపోయిందట, బుకారలో చెప్పుకుంటున్నారు!"

"బుకారలోనూ కూలిందటగా!"

"నేను బుకార నుంచే వస్తున్నా. అక్కడ ఒక్క కుండ పగిలింది, అంతే!"

అదిగో పులి అంటే ఇదిగో తోక అన్నట్టు ఎవరి తోక వాళ్ళు పట్టుకొచ్చారు. బతికే ఉన్న అమూటీలు ఒక్కొక్కరే వచ్చి, తమ కోసం ఏడుస్తున్నవాళ్ళను ఊరుకోబెడుతున్నారు. పికప్ వచ్చింది కానీ, ఈ జనంలో అది సైకిళ్ళ షాపు దాకా వెళ్ళలేకపోయింది.

అరాలి మామ నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏం చెప్పావే మైకులో?"

"నువ్వు చెప్పమన్నదే చెప్పాను," అంది కెబిరుంగి. గొంతు సన్నగా వచ్చింది.

"గోడ కూలిందని నేనన్నానా? గోడ కింద పడ్డాడని నేనన్నానా?"

ఆ రెండూ మామ అనలేదు.

"అదలా ఉంచు, అసలు దెబ్బ తగిలినాయన కూతురు రాలేదు! ఆసుపత్రిలో తోడు లేకపోతే గంజి కాచి పోసేదెవరు? కూతురు రానిదే బండెక్కనని ముసలాయన మొండికేశాడు. అక్కడ కాలు చూస్తే గుమ్మడికాయంత అయింది!"

అంతలో లోయ దారిలో ఒక ఆడమనిషి ఎక్కి వస్తూ కనిపించింది. ఒక కాలికి చెప్పు లేదు. గౌను మోకాళ్ళ దాకా బురద. తలగుడ్డ జారి మెడలో వేలాడుతోంది. ఆ మనిషి దగ్గరకొచ్చేదాకా తన తల్లి అని కెబిరుంగి పోల్చుకోలేకపోయింది.

"నా బిడ్డ ఏడే?" అంది తల్లి. ఊపిరి అందడం లేదు. "అమూటి ఏడే?"

"ఏ అమూటి అమ్మా?"

"ఏ అమూటి అంటావేంటే! నీ తమ్ముడే!"

తమ్ముడి ఎంపాకో కూడా అమూటీయే. పొద్దున లేస్తే నూరుసార్లు ఆ పేరుతోనే వాణ్ణి పిలుస్తుంది. మైకు పట్టుకున్నప్పుడు మాత్రం ఆ సంగతి తట్టనే లేదు.

"వాడు బడి దగ్గర బంతాడుకుంటున్నాడమ్మా. వాడికేం కాలేదు. దెబ్బ తగిలింది సైకిళ్ళ తాతకి."

తల్లి రోడ్డు మధ్యలోనే కూలబడిపోయింది. మెడలో వేలాడుతున్న తలగుడ్డతో ముఖం కప్పుకుంది. కెబిరుంగి పక్కన కూర్చుని అమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"టమాటాలు సంతలో అలాగే వదిలేసి వచ్చాను," అంది తల్లి చివరికి. "ఇంకెవరు చెప్పినా ఎవరో అమూటి అనుకుందును. నీ గొంతు వినిపించిందే. నువ్వు ఏడుస్తున్నావు. నువ్వు ఏడుస్తుంటే ఇంకే అమూటి అనుకోను?"

తిడితే బాగుండేది. తల్లి తిట్టలేదు. కెబిరుంగికి ఆ మైకు, ఆ గడ కనిపించని చోటికి పారిపోవాలనిపించింది. కానీ సైకిళ్ళ తాత మూలుగు వినిపిస్తోంది. అతని కూతురు ఎక్కడుందో, ఏమనుకుంటోందో! ఆవిడ కూడా ఇలాగే ఏ లోయలోనో పడి పరిగెడుతూ ఉంటే?

కెబిరుంగి లేచింది. జనం మోచేతుల కింద నుంచి దూరి తాత దగ్గరకు వెళ్ళి, పెద్దల ముందు కూర్చున్నట్టు మోకాళ్ళ మీద కూర్చుంది.

"తాతా, నీ పేరేంటి?"

"అమూటి," అన్నాడు తాత పంటి బిగువున.

"అది కాదు తాతా. పేరు."

చుట్టూ ఉన్నవాళ్ళు, "పెద్దాయన్ని పేరడుగుతావా?" అన్నట్టు చూశారు. కెబిరుంగికి సిగ్గేసింది. ఊహ తెలిసినప్పటి నుంచి తన సైకిలు టైర్లకు అతుకులేసింది ఈ తాతే. పేరు మాత్రం ఈ రోజే అడుగుతోంది.

తాత ఇంత నొప్పిలోనూ నవ్వాడు. "ముసిసి. నేను పుట్టినరోజు భూమి కదిలిందట, అందుకే మా నాన్న ఆ భూకంపం పేరే పెట్టాడు. అది ఇవాళ నన్ను పలకరించి పోదామని వచ్చినట్టుంది, చూడు!"

"మీ అమ్మాయి పేరు? ఊరు?"

"తుసీమె. రుసేకెలో, పిండిమర వెనక ఇల్లు."

కెబిరుంగి తాత కాలి వంక కూడా చూసింది. "ఎలా తగిలింది తాతా? గోడ కూలిందా?"

"గోడకేం, నిక్షేపంలా ఉంది. నాలుగు ఇటుకలు జారాయి. చీలమండ విరిగినట్టుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పు తల్లీ, మా అమ్మాయి అసలే పిరికిది."

కెబిరుంగి మైకు దగ్గరకు పోయింది. ఇందాక అంత ఇష్టంగా పట్టుకున్న మైకు ఇప్పుడు చేతిలో బరువుగా ఉంది. గొంతులో ఏ వణుకూ రాకుండా, నిదానంగా చెప్పింది.

"నేను కిహూమ కెబిరుంగిని. ఇందాక తప్పు చెప్పాను. ఊళ్ళో ఏ గోడా కూలలేదు. ఎవరూ గోడ కింద పడలేదు. సైకిళ్ళు బాగుచేసే ముసిసి అమూటి తాతకు కాలి మీద ఇటుకలు పడ్డాయి. చీలమండ విరిగినట్టుంది. మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు. రుసేకెలో పిండిమర వెనక ఉండే తుసీమె గారు, మీ నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి బండి సిద్ధంగా ఉంది. మీ కోసం చూస్తున్నాడు. ఇంకే అమూటికీ ఏమీ కాలేదు."

జనం గుసగుసలు ఆపేశారు. అందరూ లోయ వైపు చెవులు పెట్టారు. ఎంతసేపటికీ ఏమీ వినిపించలేదు. కెబిరుంగి గోళ్ళు కొరుక్కుంది.

అప్పుడు లోయ అవతల రుసేకె గడ గరగరమంది. ఎవరిదో బొంగురు గొంతు.

"కిహూమా, విన్నాం! తుసీమె ఇంట్లో లేదు. వాళ్ళాయన ఎంపాకో కూడా అమూటీయే కదా, ఆయనకే దెబ్బ తగిలిందనుకుని తేయాకు తోటకు పరిగెత్తింది! కుర్రాణ్ణి మోటారు సైకిల్ మీద పంపాం. అక్కడి నుంచి నేరుగా తీసుకొస్తాడు. తాతను బండెక్కించండి!"

ఒక్కసారిగా అందరూ నవ్వారు. ముసిసి తాత గట్టిగా నవ్వబోయి, "అబ్బా!" అని కాలు పట్టుకున్నాడు. జనం పక్కకు జరిగి పికప్‌కు దారిచ్చారు. ఇందాక వచ్చిన అన్నదమ్ములిద్దరూ తాతను ఎత్తి బండిలో గడ్డి పరుపు మీద పడుకోబెట్టారు. కాసేపటికి మోటారు సైకిల్ వచ్చింది. తుసీమె దిగీ దిగకుండానే బండెక్కి తండ్రి తల ఒళ్ళో పెట్టుకుంది. పికప్ ఆసుపత్రి ఉన్న ఫోర్ట్ పోర్టల్ దారి పట్టింది.

తల్లి లేచి, అరాలి మామ ఇచ్చిన నీళ్ళు తాగి, మిగిలిన ఒక్క చెప్పు చేతిలో పట్టుకుంది. "టమాటాలు చూసుకోవాలి," అంది. కూతురి చెంప మీద బురద చేత్తోనే ఒకసారి నిమిరి వెళ్ళింది.

మిగతావాళ్ళు కూడా కదిలారు. బుకార నుంచి మనవడి కోసం వచ్చిన ఒక ముసలమ్మ మాత్రం కొట్టు దగ్గరే నిలబడింది. ఆ మనవడు పక్కనే చెరుకు నములుతున్నాడు.

"పిల్లా, ఇంటి దగ్గర మా కోడలు ఏడుస్తూ ఉంటుంది. మేం బాగున్నామని చెప్పు," అంది.

కెబిరుంగి మైకు ఆన్ చెయ్యలేదు. ముందు అడిగింది. "మీ పేరేంటి బామ్మా?"

"అకీకి."

"అది ఎంపాకో కదా. మీ పేరు?"

ముసలమ్మ కాసేపు ఆలోచించింది. తడుముకున్నట్టుగా చెప్పింది.

"కాబోనేసా."

"మనవడి పేరు? ఇల్లు ఎక్కడ?" అన్నీ అడిగి తెలుసుకుని కెబిరుంగి మైకు ఆన్ చేసింది.

"బుకారలో చర్చి దిగువ ఇంటివాళ్ళకు. మీ కాబోనేసా అకీకి గారు, మనవడు కుగోంజ అమూటి ఇక్కడ క్షేమంగా ఉన్నారు. చీకటి పడేలోపు ఇల్లు చేరతారు. భోజనం ఉంచండి."

లౌడ్ స్పీకర్లు కాబోనేసా అన్న ఆ పేరును నాలుగు దిక్కులకూ పంపాయి. అది కొండకు తగిలి మళ్ళీ వెనక్కి వచ్చింది. ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, అది పూర్తిగా ఆగిపోయేదాకా వింది. ఆమె ముఖంలో ఏదో చిన్నపిల్ల నవ్వు వచ్చింది.

"మా కోడలికి కొంచెం చెవుడులే," అంది. "ఇంకోసారి చెప్పు పిల్లా."

"చెవుడేంటి నాయనమ్మా, అమ్మకి..." అనబోయాడు మనవడు. ముసలమ్మ వాడి వీపు మీద చిన్నగా ఒక్కటి వేసింది.

కెబిరుంగి మళ్ళీ మైకు దగ్గరకు వంగింది. ఈసారి ఆ పేరును ఇంకా నిదానంగా, ఒక్కో అక్షరమూ కొండ దాకా వెళ్ళేలా చెప్పింది.