వాగు మలుపులో లాంతరు

సింగటోకా పట్నం దాటాక, కొత్త హోటలు కడుతున్న చోట వైకోరో వాగు ఒక మలుపు తిరుగుతుంది. పొద్దుగూకాక అటువైపు ఎవరూ పోరు. వరదలో కొట్టుకుపోయిన ఆడమనిషి ఒకతె లాంతరు పట్టుకుని నీళ్ళలో తన బిడ్డను వెతుక్కుంటూ ఉంటుందట. ఆ వెలుగు చూసినవాడి ఇంట్లో ఏడాది తిరక్కుండా చావు తప్పదట.

ఈ కథ ఎక్కడ పుట్టిందో వైసేయాకి బాగా తెలుసు… పుట్టించింది అతనే.

వైసేయా ఆ సైటులో స్టోరు చూసుకుంటాడు. డీజిలు, థిన్నరు, చెదలమందు లాంటి వాటి పీపాలు పైకప్పున్న గదిలో, సిమెంటు నేల మీద పెట్టాలి. కారినా బయటికి పోకుండా చుట్టూ గట్టు ఉండాలి, నీళ్ళకి దూరంగా ఉండాలి. అది రూలు. అలాంటి గది కట్టారు కూడా. తీరా కట్టాక, వానకి తడిస్తే పాడైపోతాయని బాత్రూం అద్దాలూ ఏసీలూ తెచ్చి అందులో నింపాడు మేనేజరు. పీపాలు వాగు మలుపులో టార్పాలిన్ కిందికి పోయాయి. ఒక్క వారమేలే అన్నాడు. ఆ వారం ఇంకా అయిపోలేదు.

ఆరోగ్యశాఖ ఆవిడ తనిఖీకి వచ్చినప్పుడు, పీపాలన్నీ రాజధాని సువాకి పంపేశామని చెప్పింది వైసేయానే. చెప్పకపోతే ఉద్యోగం ఉండదు. ఇంట్లో భార్య మెరియోని ఏడు నెలల కడుపుతో ఉంది.

కానీ ఊరి ఆడవాళ్ళు చీకటిపడ్డాక రొయ్యల కోసం ఆ మలుపుకే వస్తారు. అక్కడ ఎవరూ ఏమీ పట్టకూడదని నిషేధపు కర్ర పాతొచ్చు. పాతాలంటే ఊరిపెద్ద ఒప్పుకోవాలి, ఎందుకని అడుగుతాడు. దెయ్యాన్నయితే ఎందుకని ఎవరూ అడగరు.

అందుకే ఒక సాయంత్రం, యంగోనా మత్తుపానీయం గిన్నె చుట్టూ అందరూ కూర్చున్నప్పుడు, వైసేయా తన వంతు కొబ్బరిచిప్ప అందుకోబోతూ, ఆచారం ప్రకారం చప్పట్లు కొట్టినవాడు కొట్టినట్టే ఆగిపోయాడు. వాగువైపు చూశాడు. "ఏం లేదులే…" అన్నాడు. అంతే చాలింది. మిగతాది నెమ్మదిగా, అడిగించుకుని అడిగించుకుని చెప్పాడు.

నెల తిరక్కుండా ఒకరిద్దరు వెలుగు చూశామన్నారు. పిరికివాళ్ళకి కనపడకేం అని వైసేయా లోలోపల నవ్వుకున్నాడు. తర్వాత క్రేను నడిపే సకియుసా వచ్చి, చెవిలో చెప్పాడు.

"వెలుగే కాదన్నా… పాడుతోంది."

వైసేయా నవ్వు ఆగిపోయింది. తను కట్టిన కథలో పాట లేదు.

ఆ తర్వాత మూడు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. పీపాలు ఏమయ్యాయో చూసి రావాలి. తోడు రమ్మని ఎవరిని పిలుస్తాడు? వాన తెరిపిచ్చిన సాయంత్రం, మసక చీకటిలో ఒక్కడే దిగాడు.

ముందు వాసన తగిలింది. తల తిరిగే ఘాటు. టార్పాలిన్ ఓ పక్కకి కొట్టుకుపోయింది. ఎప్పుడో కారిపోయి ఖాళీ అయిన రెండు పీపాలు దొర్లి ఉన్నాయి. ఇంకొకటి పడిపోయి ఉంది — మూత లేదు. గ్లుక్… గ్లుక్… అంటూ లోపలిది వాగులోకి పోతోంది.

అప్పుడు కనిపించింది — మలుపు దగ్గర, నీటి మీద, ఒక వెలుగు.

వెనకే సన్నగా పాట.

తెల్లటి ఆకారం నీళ్ళలోకి వంగింది… చేత్తో దేవింది… లేచింది… లాంతరు ఇటు తిరిగింది. మెల్లగా అతనివైపే నడిచి వచ్చింది.

"ఎవర్రా అది… వైసేయా?"

అలుమిత. అతని తల్లి.

"అమ్మా… నువ్వా?"

"మెల్లిగా మాట్లాడు. నలుగురికీ తెలిస్తే నాకేం మిగలదు."

పడిపోయిన పీపా మీదే చతికిలబడి, బుట్ట అతని చేతుల్లో పెట్టింది. నిండా రొయ్యలు. దెయ్యం మాట పుట్టాక ఒక్కరూ రావడం లేదనీ, అన్నీ తనకే దొరుకుతున్నాయనీ మురిసిపోయింది. తెలిస్తే కొడుకు కోప్పడతాడని చెప్పలేదట. భయం వేస్తే చర్చి పాటలు పాడుకుంటుందట.

"ఇదివరకు వల పట్టుకుని నడుములు పడిపోయేలా నిలబడేదాన్ని. ఇప్పుడు వాటంతటవే గట్టుకొచ్చి పడి ఉంటున్నాయిరా, మత్తెక్కినట్టు. చేత్తో ఏరుకోవడమే."

వైసేయా బుట్టలోకి చూశాడు. ఇంట్లో రోజూ కొబ్బరిపాలలో ఉడుకుతున్న రొయ్యలు పైఊరి పిన్ని పంపుతోందనుకున్నాడు. మెరియోనికి పది రోజులుగా వాంతులు. కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలేనన్నాడు. బలం రావాలి, ఇంకో గరిటె వెయ్యమని తల్లికి తనే చెప్పాడు. ఆ మాట తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. బుట్టను గుండెకి అదుముకున్నాడు.

కొడుకు దెయ్యానికి జడుసుకున్నాడనుకుని అలుమిత అతని వీపు నిమిరింది.

"భయపడకురా. పాపం, అది మన కడుపు నింపుతోంది. ఆదివారం చర్చిలో దాని పేరున ప్రార్థన చేయిద్దామనుకుంటున్నా. నీకు తెలుసా, దాని పేరు?"

గ్లుక్… గ్లుక్… పీపా ఇంకా కారుతూనే ఉంది.

"మెరియోని…" అన్నాడు వైసేయా. అతని నోటికి వచ్చింది ఆ ఒక్క మాటే.

తల్లి నవ్వింది.

"నీ పెళ్ళాం పేరు కాదురా, పిచ్చోడా. చచ్చిపోయినదాని పేరు."