నోవహుకి నాన్న ముఖం

పొద్దున్నే భర్తకి చెంచాతో జావ తాగించి, మూతి తుడిచి, ఆవిడ కూతురి గదిలోకి తొంగి చూసింది. ప్రదర్శనకి వెళ్ళాల్సిన బొమ్మ గోడకి ఆనించి ఉంది. కాసేపట్లో బండి వస్తుంది. బైబిలు కథల్ని ఈ కాలపు ఇళ్ళల్లో పెట్టి గీస్తానని కూతురంటే, అందరికంటే సంబరపడింది ఆవిడే. తీరా చూస్తే ఏముంది! స్నానాలగది గచ్చు మీద, ప్లాస్టిక్ బకెట్ పక్కన, ఒంటిమీద నూలుపోగు లేకుండా ముసలి నోవహు. ఆ ముఖం అచ్చంగా తన భర్తదే.

"ఏమిటే ఇది? మీ నాన్నేగా!"

"కాదమ్మా, నోవహు." కూతురు తలెత్తకుండా కుంచెలు సర్దుకుంటోంది.

"నాకు చెప్పకు. నోవహు తాగి ఒంటిమీద బట్ట లేకుండా పడుంటే, ఇద్దరు కొడుకులు వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి బట్ట కప్పారు. తండ్రి వంక కన్నెత్తైనా చూడలేదు. నువ్వేమో లోకానికంతా చూపిస్తానంటున్నావు!"

"మనింట్లోనూ అందరూ మొహం తిప్పుకునేవాళ్ళేగా! అన్నయ్యలు ఫోన్ చేస్తే నాన్న బాగున్నారంటావు. ఏం బాగున్నారమ్మా? రోజూ ఆయనకి నీళ్ళు పోసేది నేను. చూసిందే గీశాను."

కీళ్ళు పట్టేసిన ఆవిడ చేతులు చెంబు కూడా ఎత్తలేవు. చాకిరీ అంతా ఈ పిల్లదే. ఏ ముఖం పెట్టుకుని కాదంటుంది? ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి తలుపులు బిగించి బతికిన వడ్రంగి ఆయన. ఇవాళ ఆయనకే చాటు లేకుండా పోతోంది. దేవుడా అనుకుంటూ ఆవిడ మంచం మీద కూలబడింది.

"పంపకే తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అమ్మా! అవేం మాటలు? ఈ చాకిరీలో నాకంటూ మిగిలింది ఈ బొమ్మ ఒక్కటే..."

బయట బండి హారన్ మోగింది. ఆ చప్పుడుకి పెద్దాయన గోడ పట్టుకుని మెల్లగా గదిలోకి వచ్చి, బొమ్మ ముందు ఆగాడు.

"అయ్యో పాపం, ఎవరీయన? చలేస్తోంది కాబోలు."

తన చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుకున్నాడు. చొక్కా తీసి బొమ్మలో మనిషి భుజాల మీద కప్పబోయాడు. జారిపోయింది. వంగి తీసి, మళ్ళీ కప్పాడు. మళ్ళీ జారింది.

కూతురు ఒక్క ఉదుటున లేచి వచ్చి, చొక్కా కింద పడకుండా బొమ్మకేసి రెండు చేతులతో అదిమి పట్టుకుంది. వెక్కివెక్కి ఏడుస్తోంది.

బయట హారన్ ఆగకుండా మోగుతోంది. ఎవరూ కదల్లేదు.

పెద్దాయన భార్య వైపు తిరిగి, ఎవరో పరాయి మనిషిని అడిగినట్టు మర్యాదగా అడిగాడు. "ఈయనకి ఇంట్లో ఎవరూ లేరామ్మా?"

ఆవిడ మంచం మీది దుప్పటి లాగి, ఆయన ఒంటి చుట్టూ కప్పింది.

"ఉన్నామండీ," అంది ఏడుస్తూ. "ఇద్దరం ఉన్నాం."